ప్రజలకు అంకితమైన విషం

మైటోకాండ్రియా శ్వాసను ఆపే అరుదైన విషాన్ని గౌరవ సైన్సు శాఖామాత్యులు గురువారం ఉదయం పదిన్నరకు తిరుపతిలో ప్రజలకు అంకితం చేస్తారని అన్ని పత్రికల్లోనూ వచ్చింది. ప్రజలు దాన్ని ఏం చేసుకోవాలో మాత్రం ఏ పత్రికా రాయలేదు.

ఆ విషం సీసా కోసం పరిశోధకుడు దేవనాథన్ రెండేళ్లు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశాడు. ఆ విషం పేరు ఆంటీమైసిన్, మట్టిలోని బాక్టీరియా తయారుచేసే పదార్థం. జీవకణంలో మైటోకాండ్రియా ఊపిరిని అది ఉన్నపళంగా ఆపేస్తుంది. విదేశం నుంచి వచ్చింది ఒకే సీసా, అందులో చిటికెడు పొడి. నెలాఖరులోగా ప్రయోగం ఫలిస్తే అతని ఫెలోషిప్ పొడిగిస్తారు, లేకుంటే మూటాముల్లె సర్దుకోవడమే. కానీ ప్రారంభోత్సవం కాని ప్రభుత్వ వస్తువును ముట్టరాదని పైనుంచి ఉత్తర్వు. మంత్రిగారికి మంచిరోజు కుదిరేసరికి ఇరవై ఆరో తేదీ అయింది.

ఆ ఉదయం మేక కాలేయం నుంచి తీసిన మైటోకాండ్రియాను ఐసులో పెట్టుకుని దేవనాథన్ వచ్చేసరికి, సీసా వేదిక మీద తళతళలాడుతోంది. మెడకు బంతిపూలు, ఒంటికి పసుపు, మూడు కుంకుమబొట్లు. నిండా నీళ్లు.

"కుప్పయ్యా! దీన్లో పొడి యాడ?"

కుప్పయ్య పార్టీ పట్టణ కార్యదర్శి. ఏర్పాట్లన్నీ ఆయనవే.

"అడుగున ఏందో పచ్చగా అంటుకోనుండె సామీ. శుభ్రంగా కడిగి పారబోసినాను. కొత్త జీపొచ్చినా, కొత్త మోటారొచ్చినా కడక్కుండా బొట్టు పెడతామా? ఫోటోలో నిండుగా ఉండాలని తులసి నీళ్లు పోసినా."

దేవనాథన్‌కు ఏడుపొచ్చింది. విషయం చెబుదామని మంత్రిగారి వైపు నడిస్తే కుప్పయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"శుభమా అని జరగతా ఉంటే అడ్డం రావద్దు సామీ."

మంత్రిగారు టెంకాయ కొట్టి, దేవనాథన్ మైటోకాండ్రియాను ఉంచిన ఊపిరి కొలిచే యంత్రంలో, సీసాలోంచి రెండు చుక్కలు స్వహస్తాలతో వేశారు. ఊపిరి ఆడి ఆక్సిజన్ తగ్గేకొద్దీ యంత్రపు కలం కాగితం మీద గీతను కిందికి దించుతోంది. విషం పనిచేస్తే గీత దిగడం ఆగాలి. అది హాయిగా దిగుతూనే ఉంది.

"ఏమప్పా, యింకా ఊపిరి ఆడతా ఉండాదా?" అని మంత్రిగారు దేవనాథన్‌ను అడిగారు.

"ఆడతా ఉండాది సార్."

మంత్రిగారు క్షణం ఆలోచించి మైకు అందుకున్నారు.

"సూసినారా! మా ప్రభుత్వంలో విషం పోసినా ఒక్క ప్రాణం పోదు!"

చప్పట్లకు షామియానా గుంజలు కదిలాయి. కుప్పయ్య దేవనాథన్‌కు శాలువా కప్పాడు.

ముప్పయ్యో తేదీన అతనికి సర్కారు కవరు అందింది.

"విషాన్ని నిరపాయకరం చేసిన మీ పరిశోధన మంత్రివర్యుల సమక్షంలో సంపూర్ణ విజయం సాధించినందున, మీ ఫెలోషిప్‌ను ఇకపై పొడిగించనవసరం లేదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము."