రసజ్ఞుడుగారి మధ్యరకం హెడ్‌ఫోన్లు

సంగీతం మీద తనకున్న అపారమైన గౌరవాన్ని దృష్టిలో ఉంచుకుని, తగిన హెడ్‌ఫోన్లు సమకూరేవరకూ సంగీతం వినరాదని రసజ్ఞుడుగారు తీర్మానించారు. ఈ తీర్మానం ఒక ఆదివారం ఉదయం, కాఫీ వేళ, ఇంటి హాల్లో ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఆ సమయంలో హాల్లో ఆయన తప్ప మరెవరూ లేరు కాబట్టి ఏకగ్రీవానికి ఎలాంటి ఆటంకమూ కలగలేదు.

రసజ్ఞుడు అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, ఆఫీసులో తోటివాళ్ళు పెట్టింది. ఆయన కొనుగోళ్ల విభాగంలో సూపరింటెండెంటు. పక్క సీట్లో ఎవరైనా పొరపాటున కూనిరాగం తీస్తే కలం కింద పెట్టి, కళ్ళు మూసుకుని, పంటినొప్పి ఓర్చుకుంటున్నవాడిలా చెయ్యి పైకెత్తుతారు. దాంతో ఆ విభాగంలో కూనిరాగాలు పూర్తిగా ఆగిపోయాయి. పని వేగం పెరిగిందని కూడా అంటారు కానీ దానికి దాఖలాలు దొరకలేదు. ఏమైనా, సంగీతమంటే ఆయన చెవి కోసుకుంటారన్న విషయంలో ఆఫీసులో భిన్నాభిప్రాయం లేదు.

తీర్మానం జరిగిన పది నిమిషాలకు ఆయన భార్య ఫోను పట్టుకుని హాల్లోకి వచ్చింది. ఆవిడ లైబ్రరీలో పనిచేస్తుంది. పగలంతా "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు కింద కూర్చుని, సాయంత్రాలు ఒక టీచరుగారి దగ్గర మూడేళ్ళుగా పాట నేర్చుకుంటోంది. రేడియో కేంద్రంవారు కొత్త గొంతులు కావాలనీ, ఎవరి ఇంట్లో వాళ్ళు పాడి రికార్డు చేసి పంపవచ్చుననీ ప్రకటించారు. గడువు మూడు నెలలు. ఆవిడ ముందురోజే వంటింటి తలుపు వేసుకుని, స్టూలు మీద ఫోను నిలబెట్టి, ఒక పాట రికార్డు చేసింది.

"ఏవండీ, నాలుగే నిమిషాలు. విని, ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు బాగుందంటే పంపిస్తాను. బాలేదంటే మానేస్తాను. ఇంకెవర్నీ అడగను," అంది.

రసజ్ఞుడుగారు బల్ల మీద ఉన్న తన పాత ఇయర్‌ఫోన్ల వైపు చూశారు. వాటిలో ఎడమది మెడ ఒకవైపు వంచితే పలుకుతుంది, నిటారుగా కూర్చుంటే పలకదు.

"వీటితోనా?" అన్నారాయన. "నీ పాటని వీటితో వినమంటావా? సగం విని తీర్పు చెప్పడం కంటే అన్యాయం ఉంటుందా? వద్దు. కళకి ఒక మర్యాద ఉంది. మంచి హెడ్‌ఫోన్లు తీసుకుంటున్నాను. అవి రాగానే మొట్టమొదటి పాట నీదే. అంతవరకూ నేను ఏ పాటా వినను. ఇది మాట!"

ఇంత గౌరవం తన పాటకి దక్కుతుందని ఆవిడ అనుకోలేదు. నిజంగానే సంతోషపడింది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ గిన్నెలు కడుగుతూ పాడుతుంటే ఆయన వంటింటి గడపలో నిలబడి, చేతిలో తడితువ్వాలు మరిచిపోయి మరీ వినేవారు. అప్పటికింకా ఆయనకు రసజ్ఞత అబ్బలేదు.

ఇక హెడ్‌ఫోన్ల సంగతి. అవి మధ్యరకంవే అయి ఉండాలని ఆయన మొదటిరోజే నిశ్చయించారు. దీని వెనక పాతికేళ్ళ ఉద్యోగానుభవం ఉంది. ఆయన ఆఫీసులో కుర్చీ కొన్నా, కర్టెన్ కొన్నా, ఫినాయిలు కొన్నా మూడు కొటేషన్లు తెప్పిస్తారు. అన్నిటికంటే చవకది కొంటే సరుకు మీద అనుమానం వస్తుంది. అన్నిటికంటే ఖరీదైనది కొంటే కొన్నవాడి మీద అనుమానం వస్తుంది. మధ్యది కొంటే ఎవరికీ ఏ అనుమానమూ రాదు, ఫైలు హాయిగా బీరువా చేరుతుంది. ఆ కుర్చీలో ఎవరైనా కూర్చోగలరా లేదా అన్నది వేరే విభాగం చూసుకునే సంగతి.

కాబట్టి ఆయన ఒక తెల్లకాగితం మీద మూడు రకాలు రాసి, మధ్యదాని చుట్టూ సున్నా చుట్టారు. పని అక్కడితో అయిపోవలసింది. కానీ నిబంధనల ప్రకారం సాంకేతిక నిపుణుడి అభిప్రాయం కూడా కావాలి. ఆ పదవికి ఆయన బావమరిది తప్ప వేరే అభ్యర్థి కనిపించలేదు. బావమరిది కొత్త వస్తువుల పెట్టెలు విప్పే వీడియోలు రోజుకు ఆరు చూస్తాడు. కొనడం ఇంతవరకూ ఒక్కటీ కొనలేదు. అందువల్ల అతని అభిప్రాయం నిష్పాక్షికమైనదని రసజ్ఞుడుగారి నమ్మకం.

"బావా, నీ లిస్టులో అసలైనది లేదు. దాని పైది చూశావా? గాయకుడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపిస్తుందట," అన్నాడు బావమరిది ఫోనులో.

గాయకుడు ఊపిరి పీల్చుకోడని ఇన్నాళ్ళూ ఆయనకు అనుమానమేమీ లేదు. అయినా ఆ పైదాన్ని జాబితాలో చేర్చారు. చేర్చగానే ఒక విచిత్రం జరిగింది. నిన్నటివరకూ ఖరీదైనది అనిపించినది ఇవాళ మధ్యలోకి వచ్చింది. నిన్నటి మధ్యది చవకబారుగా కనిపించసాగింది. ఆయన సున్నా చెరిపి ఒక మెట్టు పైన మళ్ళీ చుట్టారు. వారం తిరక్కుండా బావమరిది మరో రెండు పైవి చెప్పాడు. మధ్య మళ్ళీ జరిగింది. ఇలా రెండు నెలల్లో మధ్య అనేది ఆ ఇంటి ఫ్రిజ్ ధర దాటి పైకి వెళ్ళిపోయింది. ఆయన మాత్రం మధ్యమార్గం నుంచి వెంట్రుకవాసి కూడా పక్కకి తొలగలేదు.

ఈ రెండు నెలలూ ఆయన ఊరికే కూర్చున్నారనుకుంటే పొరపాటు. దొరికిన సమీక్ష ప్రతిదీ చదివారు. ఒక సమీక్షకుడు ఫలానా హెడ్‌ఫోన్ల బేస్ "వెచ్చగా, కాస్త బొద్దుగా" ఉందన్నాడు. మరొకాయన అదే బేస్ "చల్లగా, చిక్కిపోయినట్టు" ఉందన్నాడు. ఇద్దరితోనూ రసజ్ఞుడుగారు పూర్తిగా ఏకీభవించారు. ఆఫీసులో భోజనాల వేళ "మనవాళ్ళకి ట్రెబుల్‌లో ఉన్న గాజుతనం తెలీదు" అని ఉపన్యసించారు. వింటున్న ఇద్దరు గుమాస్తాలు సిగ్గుపడి, తమకు నిజంగానే తెలియదని ఒప్పుకున్నారు.

దుకాణానికి కూడా వెళ్ళారు. ఒకసారి కాదు, వరసగా తొమ్మిది శనివారాలు. అక్కడి సేల్స్‌మన్ ఏ హెడ్‌ఫోన్లు తగిలించినా ఒకే పాటలో ఒకే ముక్క, డప్పు మోగే పదిహేను సెకన్లు, వినేవారు. ఒక శనివారం సేల్స్‌మన్ ఉండబట్టలేక, "సార్, మిగతా పాట కూడా బాగుంటుంది సార్, వింటారా?" అని అడిగాడు.

"నేను పాట వినడానికి రాలేదు బాబూ," అన్నారు రసజ్ఞుడుగారు గంభీరంగా.

ఇంట్లో ఆయన భార్య వారానికొకసారి అడిగేది. మొదట్లో "వచ్చాయా?" అని, తర్వాత "ఎప్పుడొస్తాయి?" అని, ఆ తర్వాత క్యాలెండరు వైపు చూసి ఊరుకునేది. ఒకసారి తమ్ముడు ఇంటికొచ్చినప్పుడు, అన్నం తింటుండగా ఫోను స్పీకర్లోనే పాట పెట్టింది. అతను ముద్ద చేతిలోనే ఉంచుకుని చివరిదాకా విని, "అక్కా, ఎంత బాగా పాడావే! పంపించెయ్!" అన్నాడు. ఆవిడ కళ్ళు చెమర్చాయి కానీ పంపించలేదు. మాట ఇచ్చింది భర్తకి. పైగా బావమరిది సాంకేతిక నిపుణుడే తప్ప రసజ్ఞుడు కాదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

గడువుకి అయిదు రోజులు ఉన్నాయనగా హెడ్‌ఫోన్లు వచ్చాయి. పెట్టెలో పెట్టె, దానిలో మరో పెట్టె, అందులో నల్లటి మెత్తటి గుడ్డలో చుట్టి ఉన్నాయి. ఆవిడ చేతులు తుడుచుకుని ఫోను తీసుకొచ్చింది.

"ఇప్పుడే కాదు," అన్నారాయన. "కొత్త హెడ్‌ఫోన్లు వంద గంటలు మోగితే కానీ పాకానికి రావు. నిపుణులంతా అదే రాశారు."

అందుచేత హెడ్‌ఫోన్లను ఒక పాత ఫోనుకు తగిలించి, బట్టల అల్మారాలో చొక్కాల మధ్య పెట్టి, పాటలు మోగించి తలుపు వేశారు. అయిదు రోజుల పాటు ఆ చొక్కాలు దేశదేశాల సంగీతం విన్నాయి. అంత సంగీతం ఆ ఇంట్లో మనుషులు గత పదేళ్ళలో విని ఉండరు. చొక్కాలేవీ అభిప్రాయం చెప్పలేదు.

గడువు చివరిరోజు రానే వచ్చింది. సాయంత్రం ఆరింటితో ముగుస్తుంది. ఆవిడ లైబ్రరీకి సెలవు పెట్టింది. అయిదింటికి రసజ్ఞుడుగారు కుర్చీని గది నడిమధ్యకు జరుపుకుని, కిటికీలు మూయించి, హెడ్‌ఫోన్లు ధరించారు. ఆవిడ ఎదురుగా మంచం అంచున కూర్చుని పాట పెట్టింది.

పది సెకన్లు గడిచేసరికి ఆయన ముఖం వెలిగిపోయింది. "అబ్బ!" అన్నారు. ఆవిడ ముందుకు వంగింది.

"ఫ్రిజ్ వినిపిస్తోంది!" అన్నారాయన. "మోటారు ఆన్ అయిన చప్పుడు కూడా వేరుగా తెలుస్తోంది. కుడివైపు. మన ఫ్రిజ్ కుడివైపే కదూ? చూశావా దీని పనితనం!"

కాసేపటికి ఫ్యానుకి ఒక రెక్క వదులుగా ఉందని కనిపెట్టారు. ఆ తర్వాత చటుక్కున లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి బిగించి వచ్చారు. పాటలో అది కారుతోందట. ఆ కుళాయి బాగుచేయించి రెండు నెలలైంది. ఆవిడ పాటని మొదటికి తిప్పింది.

రెండో నిమిషంలో ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. చెవులు రెండూ చేతులతో అదుముకుని మరీ చివరిదాకా విన్నారు.

"వెనకాల ఎవడో మాట్లాడుతున్నాడు," అన్నారు. "'చెవులుంటే చాలదురా, వినడం ఒక విద్య, మా ఇంట్లో అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే' అంటున్నాడు. ఏం డబ్బా కొట్టుకుంటున్నాడు! ముక్కుతో మాట్లాడే గొంతూ వాడూనూ. ఎవరీ మనిషి? పాట మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా ఆపకుండా వాగుతూనే ఉన్నాడు."

ఆవిడ ఆయన వైపు చూసింది.

"మీరేనండీ. హాల్లో మా తమ్ముడితో ఫోన్లో మాట్లాడుతున్నారు," అంది నెమ్మదిగా.

రసజ్ఞుడుగారు నవ్వారు. తన గొంతు గంభీరంగా, రేడియోలో వార్తలు చదివేవాళ్ళ గొంతులా ఉంటుందని ఆయనకు ఊహ తెలిసినప్పటి నుంచి తెలుసు. రోజూ వింటున్నదే కదా.

"నా గొంతు నాకు తెలీదా?" అన్నారు. "నాదే అయితే ఇంత మంచి హెడ్‌ఫోన్లలో ఇలా వినిపిస్తుందా? పక్కింటాయనై ఉంటాడు."

"సరే. పాట ఎలా ఉంది?"

"పాటా?" అని ఆయన ఆలోచనలో పడ్డారు. "పాట ఉంది. ఆ మనిషి వెనకాల ఎక్కడో ఉంది. వాణ్ణి తీసేసి మళ్ళీ రికార్డు చెయ్యి, అప్పుడు చెప్తాను."

గోడ గడియారం అయిదున్నర చూపిస్తోంది. ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుంది.

"మీ నోటి నుంచి ఒక్క మాట కోసం మూడు నెలలు ఆగానండీ," అంది. "బాలేదన్నా సరిపోయేది. అదీ అనలేదు. చాలా బాధగా ఉంది. ఆ గొంతు వినిపించని చోటు ఈ ఇంట్లో నాకింతవరకూ దొరకలేదు. అందుకని దాంతోనే పంపించేస్తున్నాను."

పంపించింది. ఆ తర్వాత ఫోను అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. రసజ్ఞుడుగారు హెడ్‌ఫోన్లు తియ్యలేదు. ఫ్రిజ్ చప్పుడు దగ్గర ఇంకా తేల్చుకోవలసిన అంశాలు ఆయనకు కొన్ని ఉన్నాయి.

నెల తిరిగేసరికి రేడియో కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. పాట ఎంపికైందనీ, వెనక ఒక పురుషకంఠం అంతరాయం కలిగిస్తున్నందున స్టూడియోకి వచ్చి మళ్ళీ పాడవలసి ఉంటుందనీ, స్టూడియోలోకి కుటుంబసభ్యులకు ప్రవేశం లేదనీ అందులో ఉంది. ఆ చివరి వాక్యాన్ని ఆవిడ రెండుసార్లు చదువుకుని, ఉత్తరం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. ఆ గొంతు సంగతి రేడియోవారి కంటే ముందు తానే కనిపెట్టానని రసజ్ఞుడుగారు ఆఫీసులో అందరికీ చెప్పారు. గుమాస్తాలిద్దరూ చప్పట్లు కొట్టారు.

కళాసేవలో భాగంగా ఆయన ఆ హెడ్‌ఫోన్లకు అయిదు నక్షత్రాలిచ్చి, అమ్మేవారి పేజీలో తన అభిప్రాయం కూడా ప్రచురించారు. "మధ్యరకంలో దీన్ని మించినది లేదు. మా ఆవిడ పాడిన పాటలో వెనక ఎవడో అప్రయోజకుడు మాట్లాడిన ప్రతి అక్షరం స్పష్టంగా వినిపించింది. సంగీతాభిమానులు తప్పక కొనదగినది" అని దాని సారాంశం.

ఇది నాలుగు వందల పన్నెండు మందికి ఉపయోగపడిందని దాని కింద కనిపిస్తుంది. చాలామంది పెద్దమనుషులు ఆ హెడ్‌ఫోన్లు కొని, తమ అనుభవాలు కూడా రాశారు. ఒకాయన కూతురు చదివిన పాఠంలో, ఒకాయన తల్లి చెప్పిన కథలో, ఇంకొకాయన భార్య తీసిన రాగంలో వెనకాల అచ్చం అలాంటివాడే ఒకడు ఆగకుండా మాట్లాడుతున్నాడట. ఎంత తల బద్దలు కొట్టుకున్నా వాడెవడో ఒక్కరికీ అంతుబట్టలేదు. తర్వాతి మోడల్‌లో అలాంటి గొంతుల్ని తొలగించే ఏర్పాటు చేస్తామని కంపెనీవారు వినయంగా బదులిచ్చారు.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు పాడిందో, చదివిందో ఫోనులో ఎక్కడో ఉండే ఉంటుంది. వీలు చూసుకుని ఒకసారి వినండి. వెనకాల మాట్లాడుతున్న మనిషెవరో మీకూ తెలియకపోతే కంగారుపడకండి. మీతో కలిపి నాలుగు వందల పదమూడు.