మార్కండేయుడు కళ్ళు మూశాడు

పొద్దున్నే దేవుణ్ణి నేసి, మధ్యాహ్నానికి గుళ్ళో అప్పగించి, సాయంత్రం హాయిగా నడుం వాల్చాలని దాజీ పేట్ రాజయ్య ఆలోచన. మర్నాడు మార్కండేయ స్వామి రథోత్సవం. రథం ముందు కట్టే నేత పటం ఈసారి ఆయన మగ్గం మీదే దిగాలి. ఏ పోగు ఎప్పుడు లేవాలో మగ్గానికి చెప్పే అట్టలకు, బొమ్మకు తగ్గట్టు రంధ్రాలు కొట్టింది ద్రౌపది. నిన్నమొన్నటి దాకా బీడీలు చుట్టిన మనిషి. పటం బాగా వస్తే ఆ పని ఆమెకు నిలుస్తుంది, లేదంటే మళ్ళీ బీడీల చాటే గతి.

పటం దిగింది. గడ్డం బాగుంది, జడలు బాగున్నాయి. కళ్ళు మాత్రం మూసుకుపోయాయి.

రాజయ్య భార్య పద్మ వెంటనే కర్పూరం వెలిగించింది. "సామి తపస్సుల కూసున్నడు!"

ఆ మాట వీధి చివరికి చేరేసరికి తపస్సు కాస్తా కోపమైంది. పక్కింటి మంగేశ్ వీడియో తీసి ఊరంతా పంపాడు. భవాని పేట్ నుంచి భజన బృందం, నీలం నగర్ నుంచి రెండు ఆటోల జనం దిగారు. వీధిలో మగ్గాలన్నీ ఆగాయి. జనం కొట్టే కొబ్బరికాయల నీళ్ళు పడుగు నూలు మీద పడకుండా రాజయ్య చేతులు చాచి అడ్డం నిలబడితే, పూనకం వచ్చిందనుకుని ఆయనకూ ఓ దండ వేశారు.

కులపెద్ద పెంటప్ప కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పాడు. "బీడీలు చుట్టే చేతులతోని అట్టలు కొట్టిపిస్తే సామి కండ్లు దెరుస్తడా? ఈ పటం రథానికొద్దు. ద్రౌపదిని పని మాన్పియ్యి రాజయ్యా."

అప్పుడే పరుగున వచ్చిన ద్రౌపదికి ఒళ్ళు మండిపోయింది. అయినా ముందు పటానికి దండం పెట్టుకుని, తర్వాత నిచ్చెన వేసుకుని అట్టల దండ వేలాడే మగ్గం పైభాగానికి ఎక్కింది.

"సామి నెత్తి మీదికెక్కుతున్నవా?" అని గద్దించాడు పెంటప్ప.

"సామి మీద నాకు నమ్మకముంది మామా. లెక్క మీద గూడ ఉంది. ఒక్కో అట్టకు ఒక్కో పోగు. నంబర్లు జూస్త, ఆగుండ్రి." ఆమె వేలితో ఒక్కొక్క అట్టా తోస్తూ చదివింది. "నాలుగొందల పదిహేడు, పద్దెనిమిది, నాలుగొందల ముప్పయ్యయిదు! నడుమ పదహారు అట్టలేవి రాజన్నా?"

రాజయ్య మెడలో పూలదండతోనే తల గోక్కున్నాడు. "నిన్న దారం తెగింది. రెండు కొసలు కలిపి కుట్టేసిన. నంబర్లు జూడలే."

కనుగుడ్ల వరుసలు పడనే లేదన్నమాట. పైరెప్ప నేరుగా వచ్చి కిందిరెప్ప మీద కూర్చుంది. వెతుకులాట మొదలైంది. పద్మ బీడీల చాట బోర్లించింది. మంగేశ్ మగ్గం కిందికి దూరాడు. పెంటప్ప ఒక్కడే కదలకుండా కూర్చుని, చెమటకు విసురుకుంటున్నాడు. ద్రౌపది చూపు ఆయన చేతి మీద ఆగింది.

"మామా, ఆ ఇసనకర్ర ఏడిది?"

"నిన్న ఈడ చాయ్ తాగుతుంటే కరెంటు వాయె. బల్ల మీద అట్టలుంటే పారేసే రద్దీ అనుకుని తీస్కున్న. ఏమాయె?"

"అవి సామి కండ్లు!"

పెంటప్ప వేడి పెనం ముట్టుకున్నట్టు వదిలేశాడు. ద్రౌపది వాటిని గాలిలోనే అందుకుని లెక్కపెట్టింది. సరిగ్గా పదహారు. వాటిని అట్టల దండలో కుట్టింది, రాజయ్య మొదటి నుంచి కొత్త పటానికి మగ్గం నడిపాడు. పావుగంట సేపు జనం మెడలు చాచి చూశారు. గడ్డం వచ్చింది, బుగ్గలు వచ్చాయి, ఆ తర్వాత నల్లగా, నిండుగా రెండు కళ్ళు.

"అరే బఘా, సూడుండ్రి! కండ్లు దెరిచిండు!" అని మంగేశ్ గంతేశాడు. వీధి హోరెత్తింది. జేజేల్లో సగం స్వామికి, సగం ద్రౌపదికి. ఆమెకు ఆనందం ఆగక అక్కడే ఏడ్చేసింది. ఒకామె కాళ్ళకు మొక్కబోతే లాగి నిలబెట్టింది. "మొక్కుడొద్దక్కా, నేర్చుకుందువు రా."

మర్నాడు పటం రథం ముందు ఊరేగింది. దాని అంచున ద్రౌపది పేరుంది, అది నేయాలని రాజయ్యే పట్టుబట్టాడు. వారం తిరక్కుండా ఐదుగురు ఆడవాళ్ళు అట్టల పని నేర్చుకోవడానికి ఆమె దగ్గర చేరారు.

స్వామి కళ్ళు ఒక రోజంతా తన చేతిలోనే ఉన్నాయని పెంటప్ప ఇప్పటికీ చెప్పుకుంటాడు. అందులో ఒక్క ముక్కా అబద్ధం లేదు.