శంకరయ్య గుండెనొప్పి, మరికొన్ని వేషాలు

2003లో ఒక బుధవారం పొద్దున డాక్టర్ మనోరమ అనుకున్న పని చాలా చిన్నది. పది మంది మెడికల్ విద్యార్థులకి పరీక్ష, ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు, మధ్యాహ్నం భోజనానికల్లా పేట్ బషీరాబాద్‌లోని ఇంట్లో ఉండొచ్చు. ఇంత చక్కగా అనుకున్న పనులు చివరికి ఏమవుతాయో ఆమెకి నలభై దాటినా తెలియలేదు పాపం.

మేడ్చల్ దాటాక పొలాల మధ్య కొత్తగా లేచిన ఆ కాలేజీకి భవనాలున్నాయి, విద్యార్థులున్నారు, రోగులే లేరు. వార్డులో ఉన్న నలుగురినీ వంద మంది అడిగిందే అడుగుతుంటే, మూడో రోజుకి వాళ్లు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయేవారు. అందుకని మనోరమ ఓ ఉపాయం పట్టుకొచ్చింది. "రోగం లేని మనిషికి రోగం నేర్పించి కూర్చోబెడదాం సార్. పిల్లలు ఎన్నిసార్లు అడిగినా విసుక్కోడు" అంది.

ప్రిన్సిపాల్ యజ్ఞనారాయణ గారు గుంటూరు నుంచి వచ్చిన పాతకాలపు మనిషి. "నాటకాలతో వైద్యం నేర్పుతామంటారేంటండీ? సరే, ఒక్కసారి చేసి చూడండి. తేడా వచ్చిందా, రేపట్నుంచి మళ్లీ బల్లా సుద్దముక్కే. ఇంకెప్పుడూ ఆ ఊసెత్తకండి" అన్నాడు. రెండేళ్లు బతిమాలితే మనోరమకి దొరికింది ఆ ఒక్క అవకాశమే.

రోగిగా శంకరయ్యని కుదిర్చింది. శామీర్‌పేటలో సైకిళ్లు బాగుచేసే ఆ పెద్దమనిషి ముప్పై ఏళ్లుగా భాగోతంలో వేషాలు కడుతున్నాడు. గుండెనొప్పి ఎలా చెప్పాలో వారం రోజులు నేర్పింది. అతను చేసి చూపిస్తే ఆయా నర్సమ్మ నిజమేననుకుని స్ట్రెచర్ తోసుకొచ్చింది. ఇంక దిగుల్లేదనుకుంది మనోరమ.

సైగలు అందుతాయేమోనని టీచర్లెవరూ గదిలో ఉండకూడదన్నారు ప్రిన్సిపాల్ గారు. అందుకని మనోరమ తలుపు బయట గంట పట్టుకుని కూర్చుంది. మొదట వెళ్లిన హేమచంద్ ఏడు నిమిషాలకి బయటికొచ్చి, బుద్ధిగా కాగితం ఇచ్చి, వరండా మలుపు తిరిగి, అక్కడున్న ఎనిమిది మందికీ "గుండెనొప్పి. ఈసీజీ అని రాసేయండి, అయిపోద్ది" అని చెప్పేశాడు.

ఆ మాట చేరనిది శృతి ఒక్కతికే. నాగారం నుంచి రెండు బస్సులు మారి వచ్చే ఆ పిల్లకి ప్రొఫెసర్ల ముందు నోరు పెగలదు. విడిగా మెట్ల మీద కూర్చుని, ఆఖరున వచ్చే తన వంతు కోసం ఎదురుచూస్తోంది.

మధ్యాహ్నానికి కాగితాలు ప్రిన్సిపాల్ గారి బల్ల మీదికి చేరాయి. తొమ్మిదింటిలో గుండెనొప్పి. శృతి కాగితంలో మాత్రం ‘షుగర్ కావచ్చు, రక్తపరీక్ష చేయించాలి’ అని ఉంది.

"పదికి తొమ్మిదండీ మనోరమ గారూ. నేనే పొరబడ్డాను. మీ పద్ధతి కానివ్వండి. ఆ అమ్మాయి ఫెయిలు, ఏం చేస్తాం" అన్నాడాయన.

మనోరమకి పట్టరాని సంతోషమేసింది. ఒక్కటే అంతుబట్టలేదు. గుండెనొప్పి అని చెబితే ఆ పిల్ల షుగర్ అని ఎందుకు రాసింది? ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేక శంకరయ్యని పిలిచి అడిగింది.

"తొమ్మిది మందికి ఒక్కతీరు చెప్పి, ఆఖరి పిల్లకెందుకు వేరే చెప్పినవ్ శంకరయ్యా?"

శంకరయ్య నొచ్చుకున్నాడు. "గట్లంటరేంది మేడం. ఒక్కటే వేషం పదిమార్లు కడ్తే ఇజ్జత్ ఏముంటది? మొదటి పిలగానికి గుండెనొప్పి. రెండో ఆయనకు తేలు గుట్టుడు. మూడో ఆయనకు పచ్చకామెర్లు. తర్వాత పక్షవాతం, మూతి మస్తు వంకరబెట్టిన. ఎనిమిదో పిలగానికైతే నెలలు నిండిన ఆడిమనిషి వేషం గట్టిన, నొప్పులొస్తున్నయని మొత్తుకున్న. గాయన ఛాతి మీద గొట్టం పెట్టి, ఏందో రాసుకొని పోయిండు."

"మరి శృతికి?" అని అడిగింది మనోరమ.

"గా పిల్ల నిలబడలే, పక్కకు కూసున్నది. ‘పెద్దనాయినా, నాకు అడుగుడు రాదు, నీకేమైతాందో నువ్వే చెప్పు’ అన్నది. అప్పటికి నాకాడ వేషాలు ఒడిసినయ్. ఇగ నా సంగతే చెప్పిన. ఎన్ని నీళ్లు తాగినా దూప తీరుతలేదు, మాటిమాటికి ఒంటికి పోవుడైతాంది, కాలు మీది పుండు నెల సంది మానుతలేదు అని. గంట గొట్టినంక గూడ ఇన్నది."

మనోరమ లెక్క వేసుకుంది. నోరు మూసుకుంటే పద్ధతి నిలబడుతుంది, శృతి ఫెయిలవుతుంది. నిజం చెబితే రెండేళ్ల కష్టం అటకెక్కుతుంది. శంకరయ్యని రక్తపరీక్షకి పంపి, కాసేపు వరండాలో అటూ ఇటూ తిరిగి, హేమచంద్‌ని పిలిచి అక్కడ ఏం జరిగిందో రాబట్టి, చివరికి వెళ్లి ప్రిన్సిపాల్ గారికి అంతా చెప్పేసింది.

"పురిటి నొప్పులకి ఈసీజీ రాశాడా?" ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. "అదీ మీసాలున్న మనిషికి. నేను ముందే చెప్పానండీ, కట్టిపెట్టండి ఇంక."

అంతలో ల్యాబ్ నుంచి కాగితం వచ్చింది. శంకరయ్య షుగర్ మూడు వందల నలభై. ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివాడు.

"ముప్పై ఏళ్లుగా వైవాలు పెడుతున్నాను. ఎవరికి పుస్తకం వచ్చో తెలిసింది గానీ, ఎవరు రోగి మాట వింటున్నారో ఒక్కనాడూ తెలీలేదు" అన్నాడు నెమ్మదిగా. "వీళ్లూ విన్నారండీ, కానీ వరండాలో విన్నారు. ఆ అమ్మాయి పాస్. చెప్పినవాడితో సహా తొమ్మిది మందికీ వచ్చే బుధవారం మళ్లీ పరీక్ష. అదే మనిషి. వేషాలొద్దు, తన రోగమే చెప్పుకోమనండి. పిల్లల్ని మాత్రం ఆయనేం చెబితే అది జాగ్రత్తగా వినమనండి."

మనోరమకి కళ్లు చెమ్మగిల్లాయి. తొమ్మిది మందినీ కూర్చోబెట్టి వారమంతా వినడమే నేర్పింది.

ఆ తర్వాతి బుధవారం శంకరయ్య వెంట భార్య కమలాబాయి కూడా వచ్చి, పెనిమిటి ఆట చూస్తానని గదిలో అతని పక్కనే కూర్చుంది. షుగరని తెలిస్తే ఇంట్లో తీపి బంద్ చేస్తుందని అతను ఆమెకింకా చెప్పలేదు. వచ్చిన ప్రతి విద్యార్థికీ, "నాకేం రోగం లేదు బిడ్డా, మంచిగున్న" అన్నాడు.

ఈసారి తొమ్మిది మందీ అతని మాట ఎంతో శ్రద్ధగా విని, తొమ్మిది మందీ అదే రాసుకొచ్చారు.