గాలివానకు విప్పిన పందిరి

కారవాన్ పందిరిని కనిపెట్టినవాడు పెళ్లాం బతికున్నవాడు. ఇందులో వాదనకు తావు లేదు. ఇల్లులాంటి ఆ బండి పక్కకు విప్పే గుడ్డ పందిరిని చుట్టాలంటే ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు పట్టుకుని ఒకే అడుగులో నడవాలి. నా భార్య నోరీన్ పోయిన దగ్గర్నుంచి ఆ కొస నాకు అందదు.

అయినా సరే, గాలివానలో పందిరి ఒక వరమని ఈ వారం నా వాదన. నవ్వకండి.

పందిరే లేకపోతే మేమంతా ఈ బండ్లలోనే కాపురముండే గిప్స్‌లాండ్ తీరపు కారవాన్ పార్కులో ఇంతమంది మేధావులున్నారని నాకెలా తెలిసేది? ఆదివారం నైరుతి గాలి లేచింది. గుడ్డ మీద నీళ్లు నిలిచి, ఈనబోయే ఆవు పొట్టలా వేలాడింది. నేను నిచ్చెన మీదున్నాను. పక్క బండి డెస్మండ్ తన గుమ్మంలో బీరుతో ఉన్నాడు.

“ఓ మూల కిందికి దించవయ్యా క్లెమ్, నీళ్లు వాటంతటవే పోతాయి.”

“దించితే గాలి పట్టుకుంటుంది గురూ, తాళ్లు బిగించు,” అని ఎదుటి బండి కిటికీలోంచి లాక్లన్.

“తడిగా చుట్టేవు, బూజు పడుతుంది. నోరీనైతే ఆరబెట్టాకే చుట్టేది,” అని అతని భార్య గ్లెనిస్.

వానలో ఎలా ఆరబెట్టేదో ఆవిడే చెప్పాలి.

ఇంత జ్ఞానం గుమ్మం ముందుకొచ్చి ఏ యూనివర్సిటీ చెబుతుంది? అదీ ఒక్కరి కాలూ తడవకుండా? మా పార్కులో ఒక మర్యాద ఉంది. అడగందే ఇంకొకరి పందిరి మీద చెయ్యి వేయకూడదు. ఇంకో మర్యాదా ఉంది. మగాడన్నవాడు అడగకూడదు. ఈ రెండింటి మధ్యా ఎన్ని పందిళ్లు సముద్రంలో కలిశాయో లెక్క లేదు.

నేను మర్యాదస్తుణ్ణి. అడగలేదు.

అప్పుడు పందిరి కాలిని నేలకు పట్టి ఉంచిన మేకు ఊడింది. పందిరి తన ఇనుప కాలితో సహా లేచి పక్క బండి వైపు ఊగింది. డెస్మండ్ బీరు పారేసి పరుగెత్తాడు. లాక్లన్ నిక్కరుతోనే దూకాడు. గ్లెనిస్ ఇనుప కాలిని కౌగిలించుకుని వేలాడింది. నిమిషంలో చుట్టడం, పట్టీ బిగించడం అయిపోయాయి. ఆ కొస డెస్మండే పట్టుకున్నాడు. నాతో అడుగు కలిపాడు.

కెటిల్ పొయ్యి మీద పెట్టాను. “టీ తాగి వెళ్లండి.”

“వద్దులేవయ్యా,” అన్నాడు డెస్మండ్ చొక్కా పిండుకుంటూ. “ఆ కాలు నా కొత్త కారు అద్దం మీదికి వస్తోందని పరుగెత్తా గానీ.”

అందరూ వెళ్లిపోయారు. కెటిల్ ఈల వేసింది.

నోరీన్‌ను మట్టి చేసి వచ్చిన వారమంతా నా తలుపు ఎవరూ తట్టలేదు. “నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకులే అనుకున్నాం,” అంది గ్లెనిస్ తర్వాత. అదీ మర్యాదే.

గాలివాన ఎంత గొప్పదో ఇప్పుడు తెలిసిందా? మా పార్కులో మర్యాద తెలియనిది అదొక్కటే.

బుధవారం గాలి మళ్లీ ముదురుతుందని రేడియో చెప్పింది. ఆ పొద్దున్నే పందిరి పూర్తిగా విప్పుతాను. డెస్మండ్ కారు వైపు మాత్రం మేకు కొట్టను.

ఎందుకని అడగకండి. దీని గురించి నేనిక ఎప్పటికీ మాట్లాడను.