టైమింగు మేస్త్రీ చెవి

ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. రామకోటేశ్వరరావు పాత పెట్రోలు లారీకి మరియదాసు టైమింగు సరిచేస్తాడు. అదే లారీలో పెళ్లి వంటసామాను వేసుకుని ఉయ్యూరు పోతారు. అక్కడ మరియదాసు భార్య అమలమ్మకు అన్నగారైన సొలొమోను మాస్టారి కూతురి పెళ్లి. గుండిగలు చేరితే పొయ్యి వెలుగుతుంది, పొయ్యి వెలిగితే మధ్యాహ్నానికి భోజనాలు. ఇందులో చెడిపోవడానికి ఏముంది?

మరియదాసు బెజవాడ ఆటోనగర్‌లో పేరున్న మేస్త్రీ. ఆ పేరంతా ఆయన చెవిది. ప్లగ్గులకు కరెంటు పంచిపెట్టే డిస్ట్రిబ్యూటరును వదులుచేసి, ఇంజను ఆడుతుండగానే వేళ్లతో వెంట్రుకవాసి తిప్పుతాడు. ఆ తిప్పుడులో నిప్పురవ్వ ఎంత ముందుగా పడితే బండికి అంత లాగుడు, పెట్రోలు కూడా కలిసొస్తుంది. మరీ ముందుకు జరిగితే మాత్రం, లోపల గాజుసీసాలో గోళీలు ఆడించినట్టు సన్నని మోత పుడుతుంది. అక్కడ ఆగి, ఒక్క పిసరు వెనక్కి రావాలి. ఆ పిసరు మీదే మరియదాసు బతుకుతున్నాడు.

అసలు సంగతేమిటంటే, రెండేళ్లుగా ఆ మోత ఆయనకు వినపడడం లేదు. మనుషుల మాటలు వినపడతాయి, చర్చి గంట వినపడుతుంది. ఇంజన్ల పక్కన బతుకంతా నిలబడినందుకు సన్నమోత ఒక్కటే పోయింది. ఇది బయటికి పొక్కితే ఆయన షెడ్డు మొహం చూసేవాడుండడు. అందుకని ఎవరికీ చెప్పలేదు, భార్యకు కూడా. అయితే దేవుడు ఒక దారి చూపించాడు. ఇంజనులో గోళీలాట మొదలవగానే అమలమ్మ మొహం చిట్లిస్తుంది. అది కనిపెట్టిన నాటి నుంచి మరియదాసు టైమింగు పనులన్నీ ఆవిడ క్యారియరు తెచ్చే వేళకే పెట్టుకుని, చెయ్యి డిస్ట్రిబ్యూటరు మీద, చూపు ఆవిడ మొహం మీద ఉంచేవాడు. చూసినవాళ్లు ఎంత అన్యోన్యమైన దంపతులో అనుకునేవారు.

ఆ పొద్దునా అంతే. పెళ్లిళ్లకు సామాను అద్దెకిచ్చే రామకోటేశ్వరరావు తన లారీ తనే నడుపుకుంటాడు. ఆయన సీట్లో కూర్చుని ఏక్సిలేటరు తొక్కుతున్నాడు. అమలమ్మ కొత్త చీరలో బానెట్టు పక్కన నిలబడింది. మరియదాసు తిప్పుతుండగా ఒకచోట ఆవిడ మొహం చిట్లించింది.

"ఏంటి మేస్త్రీ, మీ ఇంటావిడ నీకు సైగలు చేస్తోంది?" అన్నాడు రామకోటేశ్వరరావు ఊరికే నవ్వుతూ.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మరియదాసు ఉలిక్కిపడ్డాడు. చెయ్యి జారి డిస్ట్రిబ్యూటరు ఎటో తిరిగిపోయింది.

"నువ్వేంటే మధ్యలో మొహాలు పెడతావ్? ఇంజన్ల సంగతి ఆడవాళ్లకేం తెలుసు? ఊరికే నించో!" అని కసిరాడు.

అమలమ్మ ఊరికే నించుంది. మరియదాసు మళ్లీ మొదటి నుంచీ తిప్పాడు. ఆవిడ మొహం చిట్లించలేదు. ఇంకొంచెం తిప్పాడు, చిట్లించలేదు. కొత్త ప్లగ్గుల మహిమ కాబోలనుకుని ఇంకొంచెం తిప్పి బోల్టు బిగించేశాడు.

పెనమలూరు దాటాక కాలవ వంతెన ఎక్కుతూ లారీ గోళీలాట మొదలుపెట్టింది.

"మేస్త్రీ, ఏదో మోత వస్తున్నట్టు లేదూ?"

మరియదాసు తల వంచి, కళ్లు మూసుకుని, విన్నట్టు నటించాడు. "ఏం లేదండి. ఇంజను వెన్నలా ఉంది."

రామకోటేశ్వరరావు చిటికెనవేలితో చెవి కెలుక్కున్నాడు. ఆటోనగర్ మొత్తం నమ్మే చెవికి వినపడనిది తనకు వినపడుతోందంటే లోపం తనలోనే ఉండాలి. లేదా వెనకాల స్టీలు గ్లాసులవై ఉండాలి. బండి ఆపి గ్లాసులకు గోనెసంచులు చుట్టారు. మోత తగ్గలేదు. గుండిగల మధ్య గడ్డి దూర్చారు, అయినా తగ్గలేదు. చివరికి కంకిపాడు దగ్గర సామానంతా రోడ్డు పక్కకు దించి, ఉత్త లారీని నడిపి చూశారు. బరువు తప్పిన ఇంజను హాయిగా పరిగెత్తింది, మోత మాయమైంది.

"చెప్పానాండీ? పాత్రలదే" అన్నాడు మరియదాసు, తన అదృష్టాన్ని తనే నమ్మలేక.

"ఎంతైనా నీ చెవి చెవే" అని రామకోటేశ్వరరావు చెంపలేసుకున్నాడు.

సామాను మళ్లీ ఎక్కించారు. తర్వాతి వంతెన మీద మోత రెట్టింపైంది. ఇద్దరి మధ్యా అమలమ్మ ఒళ్లో చేతులు పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చుంది.

ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం కనపడుతుండగా రేడియేటరు కుతకుతలాడి ఆవిరి చిమ్మింది. నీళ్లు పోసి చల్లార్చారు కానీ బండి కదల్లేదు. రామకోటేశ్వరరావు జరీపంచె ఎగ్గట్టి, బండి ముందున్న స్టార్టింగు హ్యాండిలు తిప్పాడు. హ్యాండిలు వెనక్కి తన్నింది. ఆయన వెళ్లి చెరకుతోట బోదెలో కూలబడ్డాడు.

టైమింగు మితిమీరి ముందుకు పోతేనే హ్యాండిలు అలా తంతుంది. ఇది చేతికి తెలిసే సంగతి, దీనికి చెవి అక్కర్లేదు. మరియదాసుకు సంగతి అర్థమైపోయింది. సరిగ్గా అప్పుడే సొలొమోను మాస్టారు పెళ్లికోటు తొడుక్కుని సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు.

"బావా, చర్చిలో పెళ్లి అయిపోయింది. మగపెళ్లివారు పందిట్లో కూర్చున్నారు, పొయ్యి మీద గిన్నె లేదు. పిల్ల ఏడుస్తోందయ్యా!"

"దారి పొడుగునా మోత మాస్టారూ" అన్నాడు రామకోటేశ్వరరావు బోదెలోంచి. "మేస్త్రీకి వినపడలేదు, నాకే వినపడింది. నా చెవులు పాడైపోయాయి, రేపు డాక్టరుకు చూపించుకుంటా."

ఆ మాటకు మరియదాసు నిలువునా సిగ్గుపడిపోయాడు. తన పరువు కోసం శుభ్రమైన మనిషికి చెవుడు అంటగట్టాడు. మేనకోడలిని పెళ్లిపందిట్లో ఏడిపించాడు.

"మీ చెవులు బంగారంలా ఉన్నాయండి. పోయింది నాది" అన్నాడు తలెత్తకుండా. "రెండేళ్లయింది. బావా, నన్ను క్షమించు." చెరకుబళ్ల వాళ్లు ఆగి చూస్తున్నారు. ఆయన భార్యవైపు తిరిగాడు. "నీకూ చెప్పలేదు అమలా. నీ మొహం చూసి తిప్పేవాణ్ణి, దొంగచాటుగా."

అమలమ్మ లారీ దిగింది. "దొంగచాటేముంది? మీకు వినపడ్డం లేదని నాకు మొదట్లోనే తెలిసిపోయింది. నోటితో చెబితే మీరు తలెత్తుకోలేరని, రెండేళ్ల నుంచీ దవడలు నొప్పెట్టేలా మొహం చిట్లిస్తున్నా. ఆ మోతతో నాకేం బాధ లేదు. పొద్దున ఊరికే నించోమన్నారు, నించున్నా."

"మరి దారిలోనైనా చెప్పకపోయావా చెల్లెమ్మా?" అన్నాడు రామకోటేశ్వరరావు.

"ఎంతదూరం పోతారో చూద్దామనుకున్నానండి. ఇంతదూరం పోతారనుకోలేదు. పిల్ల ఏడుస్తోందంటే నాకూ తలకొట్టేసినట్టుంది." ఆవిడ కొంగు నడుముకు దోపింది. "ఇక స్పానరు తీయండి."

మరియదాసు డిస్ట్రిబ్యూటరును అంచనాగా వెనక్కి తిప్పి ఇంజను ఆడించాడు. ఈసారి అమలమ్మ మొహంతో కాదు, పదిమందీ వినేలా నోటితోనే చెప్పింది. "ఇంకొంచెం... ఆఁ, వచ్చింది. ఒక్క పిసరు వెనక్కి. చాలు."

భోజనాలు పొద్దువాలాక వడ్డించారు. అంత ఆకలి మీద తిన్నారు గనక వంట అద్భుతమన్నారు. మరియదాసు మాత్రం ముద్ద మింగలేకపోయాడు. చెరకుబళ్ల వాళ్ల నోట ఆ కబురు తనకంటే ముందే బెజవాడ చేరుతుందని ఆయనకు తెలుసు.

చేరింది కూడా. వారం తిరక్కుండా షెడ్డు ముందు లారీల వరుస రెట్టింపైంది. వచ్చినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు.

"అమలమ్మగారు ఉన్నారాండీ?"

లేరంటే మరియదాసుకు మర్యాదగా ఒక నమస్కారం పెట్టి, ఆవిడ వచ్చేదాకా కూర్చుంటున్నారు.