ఏడో నంబరు జంపఖానా

జంపఖానాల పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్లే రోజున లింగమూర్తి పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భార్యకు ఒక్కటే మాట చెప్పాడు. "నీది ఏ రంగో, ఏ నంబరో నాకు చెప్పకు. మనోళ్లకు మొగ్గిండన్న పేరు రావద్దు."

"నేనేమన్న చెప్తున్ననా?" అంది యాకమ్మ. నెల రోజులు అక్క ఇంటి మగ్గం మీద నేసి, ఆయన చూడకుండానే పోటీకి పంపింది. కానీ ఛాయ్ అందిస్తున్నప్పుడు ఆమె కొంగుకు అంటుకున్న చిలకాకుపచ్చ నూలుపోగు ఆయన కంట పడనే పడింది.

హన్మకొండలోని హాల్లో పన్నెండు జంపఖానాలు పరిచారు. పేర్లు లేవు, నంబర్లే. ఏడోదాని అంచు చిలకాకుపచ్చ! లింగమూర్తి అక్కడే ఆగాడు. ఇది మా ఇంటిదే అనుకున్నాడు. ఆ క్షణం నుంచి ఎంతో నిజాయితీగా దాని మీద కత్తి కట్టాడు. వంగి చూస్తే అంచు వంకరగా కనిపించింది. తడిమితే నేత వదులుగా తగిలింది. నలభై ఏళ్లు మగ్గం మీద బతికిన మనిషి, తన కళ్లను ఎన్నడూ అనుమానించి ఎరుగడు.

రెండో న్యాయనిర్ణేత సుదర్శన్ కాలేజీలో బొమ్మలు నేర్పుతాడు. "నాకైతే ఏడోదే బాగ అనిపిస్తాంది కాకా" అన్నాడు మెల్లగా.

"జర అంచు చూడు బిడ్డా. పాము లెక్క పోతాంది."

సుదర్శన్ చూశాడు. పెద్దాయన అన్నాక అతనికీ పామే కనిపించింది. "అవు, నిజమే! ఇందాక నాకెట్ల కనవడలే?"

ఏడోది అట్టడుగుకు పోయింది. నల్లగళ్ల మూడో నంబరుకు మొదటి బహుమతి వచ్చింది. చీటీలు విప్పి పేర్లు చదివారు. మూడోది యాకమ్మది. ఏడోది వెనక వీధి భద్రమ్మది.

హాలంతా గొల్లుమంది. "ఇంటామెకు ఫస్టు, నాకు లాస్టా?" అంటూ భద్రమ్మ తన జంపఖానాను ఆయన ముందే పరిచి, అంచు పొడవునా దారం లాగి పట్టింది. "ఏడున్నది వంకర? చూపియ్యన్నా!"

లింగమూర్తి వంగి చూశాడు. అంచు గీత గీసినట్టుంది. అంచంతా మళ్లీ తడిమాడు. అబద్ధమాడి ఉంటే ఇంత భయం వేసేది కాదు. ఆ వంకరను ఆయన నిజంగానే చూశాడు. ఇన్నేళ్లలో ఇలా ఇంకెందరి నేతను చూసి ఉంటాడో!

మైకు అందుకున్నాడు. "తప్పు నాదే. పచ్చంచు చూసి మా యాకమ్మదే అనుకున్న. మనోళ్లకు మొగ్గద్దన్న పట్టుదలతోని లేని తప్పులు చూసిన. బహుమతి ఆపుండ్రి. వేరేటోళ్లతోని మళ్ల చూపియ్యుండ్రి."

భద్రమ్మ మెత్తబడింది. "నాకు పచ్చ నూలు తక్కువ పడితే యాకమ్మ వదిననే తెచ్చిచ్చింది" అని నసిగింది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది. లింగమూర్తి తేలికపడి, యాకమ్మ వైపు గర్వంగా చూశాడు. ఆమె ఒక్కతే చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"అంటే, నాదని తెలిస్తే లాస్టుకు ఏస్తవన్నమాట."

ఆ సాయంత్రం ఇద్దరూ వేర్వేరు ఆటోల్లో ఇల్లు చేరారు.