ఖాళీ కుర్చీ కనపడకూడదు

ప్రజల భద్రత కోసం తన ప్రాణాలైనా అడ్డం వేస్తానని గౌరవ శాసనసభ్యులవారు ప్రకటించారు. ప్రాణాలు అడ్డం వేసేలోగా, తాత్కాలిక ఏర్పాటుగా ఒక నిబంధన తెచ్చారు. ఇకమీదట బహిరంగ సభల్లో వేసే ప్రతి కుర్చీ ఒక్క మనిషి ఎత్తలేనంత బరువుండాలి.

ఇంత ముందుచూపు ఊరికే రాలేదు. కిందటి నెల ఒక సభలో వెనక వరసలోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ లేచి, గాలిలో ప్రయాణం చేసి, సభ్యులవారి మైకు పక్కన దిగింది. ప్రజాభిప్రాయాన్ని ఆయన ఎప్పుడూ స్వాగతిస్తారు. కాకపోతే అది నాలుగు కాళ్ళేసుకుని రావడం ఆయనకు నచ్చలేదు.

ఈ వార్త పేపర్లో చదివి దొంతర తల పట్టుకున్నాడు.

దొంతర అద్దె కుర్చీల దుకాణాల సంఘానికి అధ్యక్షుడు. అమ్మా నాన్నా పెట్టిన పేరు ఏదో ఉంది గాని దాన్నెవరూ వాడరు. ఖాళీ కుర్చీ కంటపడితే చాలు, దాన్ని తీసి ఇంకోదాని మీద పెట్టేదాకా ఆయన చేతులు ఊరుకోవు. ఆ వృత్తిలో అందరికీ ఉండే అలవాటే అది, ఈయనకు బాగా ముదిరింది. ఇంట్లో అన్నం తింటూ భార్య మంచినీళ్ళకని లేస్తే, తిరిగొచ్చేసరికి ఆవిడ కుర్చీ గోడవారన దొంతరలో ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ పాపం కిందపడింది కూడా. ఆ తర్వాత ఎక్కడ కూర్చోబోయినా ముందు చెయ్యి వెనక్కి పెట్టి తడిమి చూసుకోవడం నేర్చుకుంది.

దుకాణంలో పనివాళ్ళు లేరు. మొగుడూ పెళ్ళాలే కుర్చీలు మోసి, వ్యానెక్కించి, దింపుకుంటారు.

"ఎత్తలేని కుర్చీలు నువ్వూ నేనూ ఎక్కడ మోస్తామే?" అన్నాడు దొంతర.

"మోసే సంగతి తర్వాత. అలాంటివి కొనాలంటే దుకాణం అమ్మాలి. దుకాణం అమ్మేశాక ఇక కుర్చీలెందుకు?" అన్నదావిడ. "వెళ్ళి చెప్పుకోండి. ఆయనా మనిషేగా."

ఆ చివరి మాట మీద ఆశ పెట్టుకుని సంఘమంతా ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని సభ్యులవారింటికి బయల్దేరింది.

అక్కడ ప్రజలు ఎదురుచూడటానికి విశాలమైన హాలుంది. ప్రజాసమస్యలంటే ఆయనకు ఎంత శ్రద్ధంటే, ఏ సమస్యనైనా బాగా మగ్గనిచ్చిగాని ముట్టుకోరు. మధ్యాహ్నానికి జనం విసుగెత్తి ఒక్కొక్కరే వెళ్ళిపోసాగారు. ఒకాయన లేవగానే దొంతర ఆ కుర్చీ తీసి గోడవారన పెట్టొచ్చాడు. ఇంకొకాయన లేచాడు. ఈసారి పక్కనున్న దుకాణదారు చేతులు కూడా దురద పెట్టాయి. పి.ఏ. ఫోను మాట్లాడి వచ్చేసరికి, సంఘంవాళ్ళు కూర్చున్నవి తప్ప హాల్లో ఒక్క కుర్చీ లేదు.

"నా కుర్చీ ఏదయ్యా?" అన్నాడు పి.ఏ.

"తమరు లేచారు కదండీ," అన్నాడు దొంతర.

అప్పుడే లోపల్నించి వచ్చిన సభ్యులవారు గుమ్మంలో ఆగిపోయారు. "పొద్దున చాలామంది ఉన్నారే, వెళ్ళిపోయారా?"

"అందరూ వెళ్ళిపోయారు సార్. వీళ్ళే మిగిలారు."

"తెలీట్లేదయ్యా," అన్నారాయన పరవశంగా. "హాలు నిండుగా ఉంది."

సభ్యులవారి గుండెలో ఒక ముల్లుంది. ఆయన ఎక్కడ ప్రసంగించినా మర్నాడు ఎదుటి పార్టీ పేపరు ఆయన ఫోటో వేయదు, ఆయన ముందున్న ఖాళీ కుర్చీల ఫోటో వేస్తుంది. ఆ ముల్లు తీసేవాడు ఇన్నాళ్ళకు కళ్ళెదుట నిలబడ్డాడు. ఆయన దొంతర భుజం మీద చెయ్యేశారు.

"మీ కష్టం నా కష్టం. నిబంధన రద్దు చేసేస్తాను."

దొంతరకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఆదివారం సభ పెడదాం. నా ప్రసంగంలో చివరి వాక్యం అదే. కుర్చీలు మీరే వేయండి. ఎవరైనా లేచారా, కుర్చీ మాయమైపోవాలి. ఖాళీ కుర్చీ ఒక్కటంటే ఒక్కటి కూడా ఫోటోలో కనపడకూడదు. కనపడిందా, ఆ వాక్యం ఉండదు."

"అదేదో మొదటి వాక్యంగా చెప్పేస్తే మేము కాస్త కుదుటపడతాం గదండయ్యా," అన్నాడు దొంతర.

"సార్ వాక్యాలు వరసలో వస్తాయి," అన్నాడు పి.ఏ. నిలబడే. "ఇంకో సంగతి. రద్దయ్యేదాకా నిబంధన అమల్లో ఉన్నట్టే. కుర్చీలు ఎత్తలేనివే వేయాలి."

"ఎత్తలేని కుర్చీని చటుక్కున ఎత్తేయడం ఎలాగండీ?"

"అది సాంకేతిక విషయం. సంఘం చూసుకోవాలి."

సంఘం చూసుకుంది. ఒక్కో కుర్చీ కింద ఒక్కో ఇసుక మూట కట్టింది. వేదిక మీద సభ్యులవారి కుర్చీకి ఆయన హోదాకు తగ్గట్టు రెండు మూటలు కట్టింది. ఒక్క మనిషి ఎత్తలేడు, ఇద్దరు ఎత్తితే ఎవరో ఒకరికి నడుం పట్టేస్తుంది.

ఆదివారం మైదానంలో దిగుతూ దొంతర భార్య కొంగు నడుముకు బిగించింది. "ఇన్నేళ్ళూ మీ చేతుల్ని తిట్టాను. ఈ ఒక్కపూట ఏమీ అనను. ఒక్కటి కూడా వదలకండి."

సభ్యులవారు తమ బాల్యంతో మొదలుపెట్టారు. ఆయన బడికి వెళ్ళే వయసుకు వచ్చేలోపే జనంలో వెనక వరస లేచిపోయింది. జంటలు జంటలుగా దుకాణదారులు పరిగెత్తారు, వరస వ్యానెక్కింది. ఆయన మొదటిసారి ఎన్నికల్లో నిలబడ్డప్పుడు మధ్య వరసలు వెళ్ళిపోయాయి, ఓడిపోయినప్పుడు ముందు వరసలు వెళ్ళిపోయాయి. వేదిక మీది పెద్దలకు ఒక్కొక్కరికీ అర్జెంటు ఫోన్లు వచ్చాయి. మెట్ల దగ్గర దొంతర తటపటాయించాడు.

"పైవి కూడానా?"

"ఒక్కటంటే ఒక్కటన్నారు కదా. పైన ఫోటో తీయరా ఏమిటి?" అన్నది భార్య, ముందు తనే ఎక్కుతూ.

చివరికి మైదానంలో ఒకే ఒక్క శ్రోత మిగిలాడు. ఎదుటి పార్టీ పేపరు ఫోటోగ్రాఫరు. కెమెరా ఒళ్ళో పెట్టుకుని, ఖాళీ కుర్చీ దొరక్కపోతుందా అని దిక్కులు చూస్తున్నాడు. ఉన్నట్టుండి అతని మొహం వెలిగింది. కెమెరా వేదిక వైపు లేచింది.

దొంతర అటు చూశాడు. పై ప్రాణాలు పైనే పోయాయి. సభ్యులవారు మైకు దగ్గర నిలబడి మాట్లాడుతున్నారు. ఆయన వెనక ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

దుకాణం, వ్యాను, ఇన్నేళ్ళ కష్టం ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఫోటోగ్రాఫరు లెన్సు సరిచేసుకునేలోగా మొగుడూ పెళ్ళాలు వంగి వంగి వేదికెక్కి, చెరోవైపూ పట్టి, ఊపిరి బిగబట్టి, రెండు మూటలతో సహా చప్పుడు కాకుండా దించేశారు.

"చిన్న వ్యాపారుల కన్నీరు తుడవడమే నా ధ్యేయం," అంటున్నారు సభ్యులవారు. "అందుకే కుర్చీల బరువు నిబంధనను ఈ క్షణం నుంచి రద్దు చేస్తున్నాను."

వేదిక పక్కన దొంతర కన్నీళ్ళు తుడుచుకున్నాడు. భార్య నడుం పట్టుకుని అమ్మయ్య అనుకుంది.

సభ్యులవారు మైదానానికి చేతులు జోడించి నమస్కరించి, నిండు తృప్తితో కూర్చున్నారు. వెనక్కి చెయ్యి పెట్టి తడిమి చూసుకునే అలవాటు ఆయనకు లేదు.

మర్నాడు ఎదుటి పార్టీ పేపరు మొదటి పేజీలో ఆయన ఫోటో పెద్దది వేసింది. అందులో ఎంత వెతికినా ఖాళీ కుర్చీ ఒక్కటి కూడా కనపడదు.